మా వాడికి ఇంకా మీసం రాలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆధార్‌లో 15 నిండాయి గానీ, బడిలో చేర్చేటప్పుడు వయసు కలిపి రాయించాం. అసలు వయసు 14 ఏళ్ల 5 నెలలు. ఎత్తు 146 సెంటీమీటర్లు, పోయిన ఏడాది 142 ఉండేవాడు. గొంతు ఇంకా చిన్నపిల్లాడిదే, మీసం జాడ లేదు. వాడి జతగాళ్లందరూ పొడుగైపోయారు. మొన్న మే నెలలో తిరుపతి గంగజాతరకు వెళ్తే, "నీకు ఆడవేషం వెయ్యాలంటే మీసం గీసే పనే లేదురా" అని అందరిలో నవ్వారట. అప్పటినుంచి ఆటలకు పోడు, బడికి పోవడానికే వంకలు చెబుతాడు. తిండి బాగానే తింటాడు, అలిపిరి మెట్లు మాకంటే ముందే ఎక్కేస్తాడు. మా ఆయన 170 సెంటీమీటర్లు, నేను 155. మా అత్త "వాళ్ల నాయనా ఇంతే, ఇంటర్ అయ్యాక గానీ పెరగలేదు" అంటుంది. మెడికల్ షాపులో ఇచ్చిన పొడి రెండు డబ్బాలు వాడాం. తెలిసిన ఆయన ఒకరు, నెలకో ఇంజక్షన్ వేస్తే ఆరు నెలల్లో మగాడైపోతాడని అంటున్నారు. వేయించమంటారా? రేపు పెళ్లి, పిల్లలు అంటే ఇబ్బంది అవుతుందా? మీసం వస్తే కొండ మీద తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నాను కూడా.
– ఒక తల్లి, తిరుపతి జిల్లా

సమాధానం: అమ్మా, ఆ ఇంజక్షన్ ఇప్పుడే వేయించకండి. ఎప్పటికీ వద్దని కాదు. ఎందుకు వేస్తున్నామో తెలియకుండా, పిల్లాడిని పడుకోబెట్టి పరీక్ష చేయకుండా వద్దు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట మీ అత్తగారిది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు వయసు సంగతి. మగపిల్లల్లో యవ్వనం 9 ఏళ్ల నుంచి 14 లోపు ఎప్పుడు మొదలైనా మామూలే. 14 నిండినా మొదలు కాకపోతేనే "ఆలస్యం" అంటాం. అందుకే అసలు వయసు రాశారని సంతోషించాను. చాలామంది తల్లిదండ్రులు ఆధార్ వయసే చెబుతారు, మేము దానికి తగ్గట్టు లెక్క వేసి లేనిపోని అనుమానాలు పడతాం. కొందరు తగ్గించి రాయించుకుంటారు, అప్పుడు నిజంగా చూడాల్సిన పిల్లాడు తప్పించుకుపోతాడు. డాక్టరు దగ్గర పుట్టినరోజు మాత్రం నిజం చెప్పండి, అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగరు. మీ వాడు గీత దాటి 5 నెలలు అయింది. కంగారు పడేంత దూరం కాదు, పట్టించుకోకుండా వదిలేసేంత దగ్గరా కాదు.

రెండోది, మీసాన్ని చూసి లెక్క వేయడం. ఊళ్లో అందరూ చేసేది ఇదే. మీసం, గొంతు మారడం ఈ కథలో చివరి భాగాలు. మొదట పెరిగేవి వృషణాలు, పల్లెల్లో బీజాలు అంటారే, అవి. ఆ తర్వాత కింద వెంట్రుకలు, అంగం పెరగడం, ఆపైన ఒక్కసారిగా పొడుగు, గొంతు, ఆఖరున మీసం. మొదటి మార్పుకీ మీసానికీ మధ్య రెండు మూడేళ్లు పట్టవచ్చు. అంటే మీ వాడికి యవ్వనం ఇప్పటికే మొదలై, బయటికి కనిపించకుండా ఉండే అవకాశం కూడా ఉంది! వాడికి తెలియదు, మీకు అసలే తెలియదు, జాతరలో నవ్విన వాళ్లకు ఎలాగూ తెలియదు.

దీన్ని తేల్చడానికి మా దగ్గర ఒక పూసల దండ ఉంటుంది. స్విట్జర్లాండ్ డాక్టరు ప్రాడర్ 1966లో తయారు చేసింది. కోడిగుడ్డు ఆకారంలో 12 పూసలు, 1 మిల్లీలీటరు నుంచి 25 దాకా. పిల్లాడి వృషణాన్ని వేళ్లతో తడిమి, ఏ పూసతో సరిపోతుందో చూస్తాం. 4 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, అంటే పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, యవ్వనం మొదలైనట్టే. ఇది అర నిమిషం పని. రక్తపరీక్ష లేదు, ఖర్చు లేదు. ఎన్నో ఫైళ్లు పట్టుకొని, వేల రూపాయల హార్మోన్ రిపోర్టులతో వచ్చే పిల్లలను చూస్తుంటాను. ఈ ఒక్క పరీక్ష మాత్రం ఎవరూ చేసి ఉండరు. సిగ్గు పిల్లాడికి ఉండాలి గానీ డాక్టరుకు ఉండకూడదు.

ఇక ఎందుకు ఆలస్యమవుతుందో చెబుతాను. బోరు మీద సేద్యం చేసే వైపు వాళ్లు కాబట్టి ఇలా అనుకోండి. మడికి నీళ్లు పారలేదు. కరెంటు ఇంకా ఇచ్చి ఉండకపోవచ్చు, స్టార్టరు చెడి ఉండవచ్చు, మోటారే కాలిపోయి ఉండవచ్చు. యవ్వనం కూడా అంతే. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది ఒక వయసు వచ్చాక, మొదట్లో రాత్రి నిద్రలోనే, ఆగి ఆగి సంకేతాలు పంపుతుంది. వాటిని అందుకొని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి వృషణాలను లేపితే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారవుతుంది. మిగతా మార్పులన్నీ దాని పనే. మన లెక్కలో సమయానికి రావాల్సిన సంకేతం కరెంటు, దాన్ని అందించే హైపోథాలమస్, పిట్యూటరీ స్టార్టరు, వృషణాలు మోటారు.

మోటారు కాలిపోతే కనిపెట్టడం తేలిక. కింద పని జరగడం లేదని పిట్యూటరీ ఇంకా ఇంకా తోస్తుంది, రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగి కనిపిస్తాయి. చిన్నప్పుడు క్యాన్సర్ మందులు వాడిన పిల్లల్లో, రెండు వృషణాలూ మెలిపడి దెబ్బతిన్న పిల్లల్లో, కొన్ని క్రోమోజోముల తేడాల్లో ఇలా ఉంటుంది.

అసలు తిరకాసు మిగతా రెండింటి మధ్యే. కరెంటు రాకపోయినా, స్టార్టరు పాడైనా మోటారు ఒకేలా ఊరకే పడి ఉంటుంది. రెండింట్లోనూ ఎల్‌హెచ్ తక్కువే, ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువే, టెస్టోస్టిరాన్ తక్కువే. ఏ ల్యాబు రిపోర్టూ ఆ రెండింటినీ నూటికి నూరు పాళ్లు విడదీయలేదు. కొన్నిసార్లు ఎదురుచూడటమే పరీక్ష. "ఆరు నెలల తర్వాత రండి" అని డాక్టరు చెబితే ఏమీ తెలియక పంపేశాడని అనుకోకండి.

ఇక్కడే మీ అత్తగారి మాట వస్తుంది. ఆలస్యంగా ఎదిగే మగపిల్లల్లో ఎక్కువమందికి, సుమారు మూడింట రెండు వంతుల మందికి, జబ్బేమీ ఉండదు. ఆ ఇంటి గడియారమే నెమ్మది, కరెంటు ఆలస్యంగా వస్తుంది, వచ్చాక అన్నీ మామూలుగానే జరుగుతాయి. అలాంటి పిల్లల్లో సగం మందికి పైగా ఇళ్లలో నాన్నో, అమ్మో, మేనమామో ఇలాగే ఆలస్యంగా ఎదిగి ఉంటారు. మీ ఆయన ఇంటర్ తర్వాత పెరిగి 170కి చేరారు. మీరు రాసిన ఎత్తులు చూస్తే, ఇద్దరివీ కూడి 13 కలిపి సగం చేస్తే 169 వస్తుంది. అటూఇటూ ఏడెనిమిది సెంటీమీటర్ల తేడాతో మీ వాడు చేరాల్సిన చోటు అది. ఏడాదిలో 4 సెంటీమీటర్లు పెరగడం కూడా దీనికి సరిపోతోంది. యవ్వనానికి ముందు పెరుగుదల ఒకసారి మందగిస్తుంది, ఆలస్యమైన పిల్లల్లో ఆ మందగింపు ఎక్కువ కాలం సాగుతుంది. తర్వాత ఊపు వచ్చిన ఏడాది 8, 9 సెంటీమీటర్లు లాగేస్తారు. అప్పుడు ప్యాంట్లు పొట్టివవుతున్నాయని మీరే మళ్లీ ఉత్తరం రాస్తారు.

నేనూ ఆ జాతివాడినేనమ్మా. ఇంటర్‌లో రెండేళ్లూ ముందు బెంచీలో కూర్చున్నాను. చదువు మీద ప్రేమతో కాదు, వెనక కూర్చుంటే బోర్డు కనిపించేది కాదు.

అయినా అత్తగారి మాట ఒక్కటే పట్టుకొని ఇంట్లో కూర్చోవడం సరికాదు. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే ఒకటి తీయించాలి. ఎముకల చివర్ల ఉండే మెత్తటి పెరుగుదల పట్టీలను చూసి ఎముక వయసు చెప్పవచ్చు. మీ వాడి ఎముక 12, 12న్నర ఏళ్ల పిల్లాడిలా ఉంటే మన అంచనా గట్టిపడుతుంది. వాడి శరీరం లెక్కలో వాడికి ఇంకా పన్నెండే, పెరగడానికి బోలెడు చోటుంది. ఎముక వయసు 14 దగ్గర ఉండి యవ్వనం మాత్రం లేకపోతే, అప్పుడు నేను ఊరుకోను. రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూస్తాం. రక్తహీనత, కిడ్నీ, లివర్ పరీక్షలు కూడా, ఎందుకంటే ఒంట్లో దీర్ఘకాలంగా ఏ బాధ ఉన్నా మెదడు యవ్వనాన్ని వాయిదా వేస్తుంది. గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా ఇలాగే చేస్తుంది. సంగటి, అన్నం తినే మన ఇళ్లలో అది తక్కువగా బయటపడుతుంది గానీ, ఎప్పుడూ కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటే అడగాలి. మీ వాడు ఆయాసం లేకుండా అలిపిరి మెట్లు ఎక్కేస్తున్నాడంటే, తిండి బాగుందంటే, ఈ వైపు నాకు అనుమానం తక్కువ. 3,550 మెట్లు ఎక్కే పిల్లాడికి లోపల పెద్ద రక్తహీనత దాగి ఉండటం కష్టం.

ఒక పరీక్ష ఇంట్లోనే చేయండి, సరదాగా. వాడి కళ్లు మూయించి ఒకసారి కాఫీపొడి, ఒకసారి మల్లెపూలు, ఒకసారి నలిపిన కరివేపాకు ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమనండి. నవ్వకండి, ఇది గట్టి పరీక్షే. యవ్వనాన్ని మొదలుపెట్టే ఆ నరకణాలు పిండంలో ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల దారి పట్టుకొని మెదడులోకి వెళ్తాయి. ఆ దారి సరిగా ఏర్పడకపోతే వాసనా ఉండదు, యవ్వనమూ రాదు. దీన్ని కాల్‌మాన్ సిండ్రోమ్ అంటారు. పుట్టినప్పటి నుంచీ వాసన లేని పిల్లాడికి తనకు లేదన్న సంగతే తెలియదు, కాబట్టి "వాసన తెలుస్తుందా?" అని అడిగితే తెలుస్తుందనే అంటాడు. అలాగే చిన్నప్పుడు బీజాలు కిందికి దిగకపోయి ఉంటే, పెదవి చీలి పుట్టి ఉంటే డాక్టరుకు మర్చిపోకుండా చెప్పాలి.

ఎదురుచూడకూడని సంగతులు కొన్ని ఉన్నాయి. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, పక్కలు సరిగా కనిపించక గుమ్మాలకు తగులుకోవడం, విపరీతమైన దాహంతో రాత్రంతా ఒంటికి పోవడం, ఒకసారి మొదలైన మార్పులు మధ్యలో ఆగిపోవడం, పెరుగుదల పూర్తిగా నిలిచిపోవడం. వీటిలో ఏది ఉన్నా ఆరు నెలలు కాదు, ఈ వారమే చూపించాలి. పిట్యూటరీ దగ్గర గడ్డ ఉందేమో స్కాన్‌లో చూస్తారు. ఇవేవీ లేని పిల్లాడికి ఊరికే తల స్కాన్ అక్కర్లేదు.

ఇక ఇంజక్షన్. మీకు చెప్పినాయన పూర్తిగా అబద్ధం చెప్పలేదు, అదే చిక్కు. టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ నిజంగానే వాడతాం. 14 నిండి, పరీక్షలన్నీ చూశాక, పిల్లాడు మనసులో బాగా కుంగిపోతుంటే, నెలకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నుంచి ఆరు నెలలు ఇస్తాం. ఇది పెద్దలకు ఇచ్చే మోతాదులో చిన్న భాగం. కొంచెం వెంట్రుకలు వస్తాయి, ఒళ్లు తేరుకుంటుంది, పొడుగు ఊపందుకుంటుంది. తర్వాత ఆపేసి మళ్లీ పూసల దండ తీస్తాం. బయటి నుంచి ఇచ్చిన టెస్టోస్టిరాన్ వృషణాలను పెంచదు, కాబట్టి అవి పెరిగాయంటే వాడి సొంత కరెంటు వచ్చినట్టు లెక్క. పెరగకపోతే ఇంకో విడత ఇచ్చి చూస్తాం. అయినా కదలకపోతే స్టార్టరు మీద అనుమానం. అంటే ఈ మందు వైద్యమే కాదు, ఒక రకంగా పరీక్ష కూడా. ఇంత చిన్న మోతాదు పెద్దయ్యాక ఉండే ఎత్తును తగ్గించదు.

కానీ అదే మందు పెద్దవాళ్ల మోతాదులో, ఎముక వయసు చూడకుండా, నెలల తరబడి వేస్తే కథ తిరగబడుతుంది. పెరుగుదల పట్టీలు తొందరగా మూసుకుపోతాయి. ఓ పదమూడేళ్ల పిల్లాడిని ఇలాగే తీసుకొచ్చారు. ఎక్కడ వేయించారన్నది ఇక్కడ అనవసరం. మీసం వచ్చింది, గొంతు వచ్చింది, ఇంట్లో వాళ్లు సంబరపడ్డారు. రెండేళ్ల తర్వాత ఎక్స్‌రే చూస్తే పట్టీలు దాదాపు మూసుకున్నాయి. మీసం ఎప్పుడైనా వచ్చేదే, పోయిన పొడుగు మాత్రం రాలేదు. అందుకే మోతాదు, మందు పేరు చీటీ మీద రాసి ఇవ్వని చోట పిల్లాడి చెయ్యి చాపనివ్వకండి. గ్రోత్ హార్మోన్ సంగతి కూడా ఎవరైనా ఎత్తుతారు. ఆ హార్మోన్ లోపం రుజువైతే తప్ప మీ వాడికి దాంతో పని లేదు, ఖర్చు మాత్రం బోలెడు.

పొడి డబ్బాలా? మూడో డబ్బా కొనకండి. ఆ డబ్బుకు కోడిగుడ్లు, పాలు, చెనిక్కాయల ఉంటలు వస్తాయి.

పెళ్లి, పిల్లలు అంటారా, గడియారం నెమ్మదైన ఇంటి పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు. మీ ఇంట్లోనే సాక్ష్యం ఉంది, మీ ఆయన తండ్రి అయ్యారు కదా! ఒకవేళ స్టార్టరు లోపమే అని తేలినా, వృషణాలను లేపే వేరే ఇంజక్షన్లు ఉన్నాయి. వాటితో చాలామంది తండ్రులు అయ్యారు.

ఆడపిల్లల గురించి మీరు అడగలేదు గానీ, ఈ ఉత్తరం చదివే తల్లుల కోసం కొంచెం. మన వైపు ఆడపిల్ల పెద్దమనిషి కాలేదంటే ఊరంతా అడుగుతుంది. చీర ఎప్పుడు పెట్టమంటారు అని మేనత్త ఫోన్ చేస్తుంది. అక్కడా అందరూ చివరి ఘట్టాన్నే చూస్తారు. నెలసరికి రెండు, రెండున్నరేళ్ల ముందు రొమ్ములు మొదలవుతాయి. 13 నిండినా అవి మొదలు కాకపోయినా, 15 నిండినా నెలసరి రాకపోయినా చూపించాలి. మగపిల్లల్లో లాగా "ఇంటి గడియారం" అని సరిపెట్టుకోవడం ఇక్కడ ప్రమాదం, ఆడపిల్లల్లో అసలు కారణం వేరే ఉండే అవకాశం ఎక్కువ. పొట్టిగా ఉండి రొమ్ములు రాని పిల్లకు క్రోమోజోముల పరీక్ష తప్పనిసరి. సుమారు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉండే టర్నర్ సిండ్రోమ్ అలాగే బయటపడుతుంది, అందులో గుండె, కిడ్నీ కూడా చూడాల్సి ఉంటుంది. రొమ్ములు బాగా వచ్చి, ప్రతి నెలా పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ, రక్తం మాత్రం రాని పిల్ల ఉంటే అది ఆలస్యం కాదు, దారి మూసుకుపోయి రక్తం లోపలే నిలిచిపోయి ఉండవచ్చు. చిన్న ఆపరేషన్‌తో సరిపోయేది అది. రొమ్ములు కూడా రాని పిల్లకు నెలసరి తెప్పించే మాత్రలు వేసి ఫంక్షన్ తేదీ పెట్టుకునే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌ను చాలా కొద్దిగా మొదలుపెట్టి రెండేళ్లలో మెల్లగా పెంచుతూ పోవాలి, రెండో హార్మోన్ ప్రొజెస్టిరాన్ ఆ తర్వాతే. తొందరపడితే రొమ్ముల ఎదుగుదల పాడవుతుంది.

మళ్లీ మీ వాడి దగ్గరికి. బడికి వంకలు చెప్పడం నాకు మీసం కంటే పెద్ద సంగతిగా కనిపిస్తోంది. వాడిని ఇంట్లో "బుడ్డోడా" అని పిలిచే అలవాటు ఉంటే ఈ రోజు నుంచే మానేయండి, మామయ్యలతో సహా. పీఈటీ సార్‌తో వాళ్ల నాన్న ఒక మాట చెబితే, ఎత్తు వరుసలో నిలబెట్టి పిలవడం, అందరి ముందు చొక్కా విప్పించడం ఆపుతారు. కబడ్డీలో వాడిని తోసేస్తుంటే, క్యారమ్స్, షటిల్, పరుగు ఏదో ఒకటి వాడికి నచ్చింది ఆడనివ్వండి. అన్నిటికంటే ముఖ్యం, మీ ఆయన వాడితో కూర్చొని తన కథ చెప్పాలి. మగవాళ్లు ఇలాంటివి కొడుకులతో మాట్లాడరు, నాకు తెలుసు. అమ్మ చెబితే ఓదార్పు అనుకుంటాడు, నాన్న చెబితే నమ్ముతాడు. మీ ఆయన పదో తరగతి హాల్ టికెట్ ఫోటో ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతికి తీయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు వాడికి చెప్పే తీసుకెళ్లండి, అక్కడ ఏ పరీక్ష చేస్తారో కూడా. బట్టలు విప్పి చూడాల్సి వస్తే మీరు బయట ఉండండి, నాన్న ఉండాలో వద్దో వాడినే అడగండి. తిరుపతిలో రుయా ఆస్పత్రి పిల్లల విభాగంలో మొదలుపెట్టవచ్చు, స్విమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. తలుపు దగ్గర ఎత్తు గీతలు గీసి ఉంటే వాటి తేదీలతో, బడిలో కొలిచిన ఎత్తులు, పాత రిపోర్టులు, ఆ పొడి డబ్బా మీద చీటీతో సహా తీసుకెళ్లండి. అన్నీ బాగుంటే ఆరు నెలలకోసారి ఎత్తు, పూస కొలిపించుకుంటే చాలు.

మొక్కు మొక్కుగానే ఉంచండి, మీసం వచ్చాక తీర్చుకుందురు. ఎక్స్‌రే, రక్తపరీక్ష మాత్రం దాని కోసం ఆగకూడదు. టెస్టోస్టిరాన్ పొద్దున పూట ఎక్కువగా ఉంటుంది, సొంత కరెంటు మొదలవుతోందా లేదా అన్నది ఆ పొద్దుటి లెక్కలోనే ముందు తెలుస్తుంది. డెసిలీటరుకు 20 నానోగ్రాములు దాటితే ఏడాది, ఏడాదిన్నరలో యవ్వనం వస్తుందని ధైర్యంగా చెప్పవచ్చు. మధ్యాహ్నం తీసిన రక్తంతో ఆ లెక్క తేలదు. కాబట్టి ఎనిమిది, తొమ్మిది మధ్య రక్తం ఇచ్చేలా చంద్రగిరిలో పొద్దున్నే బస్సెక్కండి.